నాచు సన్‌స్క్రీన్: ట్యూబు మీద రాసిందెంత, లోపల ఉన్నదెంత

విశాఖ నుంచి మీరు మూడు సంగతులు అడిగారు. సముద్రపు నాచుతో చేశామని, పగడాలకు హాని చేయదని రాసి ఉన్న సన్‌స్క్రీన్ ఒకటి కొన్నారు. దాన్ని నమ్ముకుని జనవరిలో కుటుంబంతో అండమాన్ వెళ్లవచ్చా అన్నది మొదటిది. బుగ్గల మీద మంగు ఉంది, దానికి ఇది పనికొస్తుందా అన్నది రెండోది. మన ఒడ్డున రాళ్లకు పట్టే నాచుతో ఇలాంటిదే ఇంట్లో తయారుచేసి అమ్ముదామని మీ తమ్ముడు అంటున్నారట, అది కుదిరే పనేనా అన్నది మూడోది. చర్మానికి రాసుకునే క్రీముల తయారీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, అందులోనూ ఎండ క్రీములే ఎక్కువ. అసలు మాట ముందే చెబుతాను. నాచులో ఉన్న పదార్థం నిజంగా గొప్పది. కానీ ఇవాళ బజారులో దొరికే నాచు క్రీముల్లో ఎండను ఆపే పని చేస్తున్నవి వేరే పదార్థాలు.

ముందు ఆ గొప్పదనం గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని తేలిగ్గా తీసేసేవాళ్లూ ఉన్నారు. ఆటుపోట్ల మధ్య రాళ్ల మీద బతికే నాచు సంగతి ఆలోచించండి. నీరు దిగిపోయాక గంటల తరబడి నడినెత్తి ఎండలో ఆరుతుంది. ఆహారం తయారుచేసుకోవడానికి వెలుతురు కావాలి కాబట్టి నీడకు పోయి దాక్కోలేదు. కంటికి కనిపించే వెలుతురును లోపలికి రానిస్తూ అతినీలలోహిత కిరణాలను మాత్రం పట్టి ఆపాలి. ఆ పనిని అది చిన్న చిన్న అణువులతో చేయించుకుంటుంది. వీటిని మైకోస్పోరిన్ తరహా అమైనో ఆమ్లాలంటారు, మా పనిలో పొట్టిగా ఎంఏఏలు అంటాం. 1969లో షిబాటా అనే జపాన్ శాస్త్రవేత్త ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్ పగడాల నుంచి తీసిన సారం 320 నానోమీటర్ల దగ్గర కిరణాలను బలంగా పీల్చుకోవడం గమనించి, దానికి ‘ఎస్-320’ అని పేరు పెట్టారు. అది ఒకే పదార్థం కాదని, ఒక పెద్ద కుటుంబమని తరువాత తేలింది. షినోరిన్, పాలిథైన్, పోర్ఫైరా-334 ఇలా పేర్లు వచ్చాయి. పోర్ఫైరా అన్నది ఒక ఎర్ర నాచు. జపాన్‌లో అన్నం చుట్టుకుని తినే నల్లటి నోరి రేకులు ఈ జాతి నాచులతోనే చేస్తారు. 334 అన్నది ఆ అణువు అత్యధికంగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం.

ప్రయోగశాలలో దీన్ని చూడటం చాలా తేలిక. నోరి రేకును పొడిచేసి, నీటిలో ఐదో వంతు మిథనాల్ కలిపి, 45 డిగ్రీల వేడిలో రెండు గంటలు నానబెట్టి వడగట్టాలి. ఆ ద్రవాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో, అంటే ఏ తరంగదైర్ఘ్యం కిరణాలను ఎంత పీలుస్తుందో కొలిచే పరికరంలో పెడితే, గ్రాఫులో 334 దగ్గర నున్నగా, ఎత్తుగా ఒక కొండ లేస్తుంది. రంగు పదార్థాలను తీసేసి మళ్లీ పెట్టండి. ద్రవం మంచినీళ్లలా ఉంటుంది, కొండ మాత్రం అక్కడే ఉంటుంది. అంటే ఎండను ఆపే పదార్థానికి రంగే లేదు. క్రీము ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంది కాబట్టి నాచు బాగా పట్టించారని చాలామంది అనుకుంటారు. ఆ రంగుకూ రక్షణకూ ఏ సంబంధమూ లేదు.

ఈ అణువుల్లో నాకు బాగా నచ్చే గుణం మరొకటి ఉంది. అతినీలలోహిత కిరణం తగిలినప్పుడు ఏ ఫిల్టరుకైనా, అంటే కిరణాలను ఆపే ఏ పదార్థానికైనా, ఆ శక్తిని ఎక్కడో వదిలించుకోవలసి వస్తుంది. ఎంఏఏలు దాన్ని క్షణంలో కోటానుకోట్ల వంతు కాలంలోనే వేడిగా మార్చి వదిలేస్తాయి. దాదాపు వెలుగూ చిమ్మవు, చుట్టుపక్కల కణాలను పాడుచేసే ఫ్రీ రాడికల్స్‌నూ పుట్టించవు, తామూ చెక్కుచెదరవు. సన్‌స్క్రీన్లలో ఎక్కువగా వాడే ఆవోబెంజోన్‌ను దీంతో పోల్చి చూడండి. యూవీఏను, అంటే అతినీలలోహిత కిరణాల్లో పొడవైన తరంగాల భాగాన్ని, చక్కగా ఆపుతుంది గానీ ఎండలో తానే విరిగిపోతుంది. అందుకే దానికి తోడుగా ఆక్టోక్రిలీన్ లాంటి మరో పదార్థాన్ని కాపలా పెట్టాల్సి వస్తుంది. నాచుకు ఆ తంటా లేదు.

ఇక మీ ట్యూబు దగ్గరకు వద్దాం. పోర్ఫైరా-334 కిరణాలను ఎంత బలంగా పీలుస్తుందో కొలిచిన అంకె ఉంది. మోలార్ శోషణ గుణకం (ఎంత పెద్దదైతే అంత బలంగా పీలుస్తుందన్నమాట) సుమారు 42,300, అణుభారం 346. సన్‌స్క్రీన్ పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల క్రీము రాస్తారు. ఆ పొర మందం దాదాపు 20 మైక్రోమీటర్లు. క్రీములో ఈ పదార్థం 1 శాతం ఉండి, పొర ఎత్తుపల్లాలు లేకుండా పరుచుకుందనుకుంటే, 334 నానోమీటర్ల దగ్గర వచ్చిపడే వెయ్యి ఫోటాన్లలో చర్మానికి చేరేవి నాలుగు కూడా ఉండవు. బరువుకు బరువు లెక్కేస్తే ఆవోబెంజోన్‌కు ఏ మాత్రం తీసిపోని బలం ఇది.

అయితే 1 శాతం ఎవరు వేస్తున్నారు? పేరున్న సారాల్లో ఒకటి స్విట్జర్లాండ్‌లోని మైబెల్ బయోకెమిస్ట్రీ వారి హెలియోగార్డ్ 365. పోర్ఫైరా అంబిలికాలిస్ అనే నాచు నుంచి షినోరిన్, పోర్ఫైరా-334 తీసి లైపోజోముల్లో, అంటే కొవ్వు పొరతో చేసిన అతిచిన్న బుడగల్లో, నింపి అమ్ముతారు. ఇలాంటి సారాల్లో అసలు పదార్థం కొద్దిగానే ఉంటుంది. సారంలో 0.1 శాతం ఉందనుకుందాం, ఆ సారాన్ని క్రీములో 5 శాతం కలిపారనుకుందాం. చివరికి క్రీములో మిగిలేది 0.005 శాతం. పై లెక్కనే మళ్లీ వేస్తే, దానికి బాగా అనుకూలమైన తరంగదైర్ఘ్యం దగ్గర కూడా వందలో 97 కిరణాలు దాటిపోతాయి. చర్మం ముడతలు పడకుండా, కమిలిన చోట ఉపశమనంగా ఉండటానికి ఇలాంటి సారాలు తోడ్పడవచ్చు. తయారీదారులు కూడా వాటిని ఆ పనికే అమ్ముతారు. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 50 అని ఉంటే మాత్రం ఆ 50 వేరే ఎక్కడినుంచో వచ్చిందన్నమాట.

ఎక్కడినుంచి వచ్చిందో మీరే పట్టుకోవచ్చు. ట్యూబు వెనక పదార్థాల జాబితా తీయండి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరువాత అన్న వరసలో రాస్తారు. 1 శాతం లోపు ఉన్నవాటిని మాత్రం తమకు నచ్చిన వరసలో రాసుకోవచ్చు. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి మేం వాడే గుర్తు ఫినాక్సీఇథనాల్. అది పాడవకుండా కలిపే పదార్థం, 1 శాతానికి మించి వాడరు. దాని తరువాత కనిపించేవన్నీ 1 శాతానికి లోపలివే. పోర్ఫైరా ఎక్స్‌ట్రాక్ట్, ఆల్గే ఎక్స్‌ట్రాక్ట్ అన్న మాటలు ఆ గీతకు ఇవతల ఉన్నాయో అవతల ఉన్నాయో చూడండి. ఇవతల ఉన్నా ఆ శాతం సారానిది మాత్రమే. అందులో చాలా భాగం నీరూ గ్లిజరినూ కావచ్చు. ఆపైన జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, ఆవోబెంజోన్, ఆక్టోక్రిలీన్ వంటివి ఎక్కడున్నాయో వెతకండి. మీ క్రీములో పని చేస్తున్నవి అవే. ఒక్క ఫిల్టరు పేరు కూడా లేకుండా నాచు, కొబ్బరినూనె, క్యారెట్ గింజల నూనె మాత్రమే ఉండి ఎస్‌పీఎఫ్ 30 అని వేసి ఉంటే ఆ ట్యూబును ఎండలోకి తీసుకెళ్లకండి. ఈ మాట చాలా గట్టిగా చెబుతున్నాను. రక్షణ ఉందన్న ధీమాతో మనం ఎండలో గంటలు ఎక్కువ గడుపుతాం, దెబ్బంతా అక్కడే తగులుతుంది.

ఇంకో సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. ఎస్‌పీఎఫ్ అంకెను మనుషుల చర్మం ఎర్రబడటాన్ని బట్టి కొలుస్తారు. కమిలిన చర్మం ఎరుపెక్కకుండా తగ్గించే గుణం ఉన్న మొక్కల సారాలు, నాచు సారాలు క్రీములో ఉంటే, కిరణాలు లోపలికి వెళ్లినా ఎరుపు ఆలస్యంగా కనిపిస్తుంది. అంకె పెరుగుతుంది, ఆగిన కిరణాలు మాత్రం అంతే ఉంటాయి. పరీక్ష నిజాయితీగా చేసినా ఈ చిక్కు ఉంటుంది. అందుకే చర్మం మీద కొలతతో పాటు ప్లాస్టిక్ పలక మీద క్రీము రాసి ఎన్ని కిరణాలు దాటాయో కొలిచిన ఫలితాన్ని కూడా మంచి సంస్థలు చూస్తాయి.

నాచు పదార్థాన్ని 3, 5 శాతం దాకా ఎందుకు వేయరు? మొదటి అడ్డంకి దాని స్వభావంలోనే ఉంది. అది నీటిలో కరిగిపోతుంది. నాచు కణం లోపల ఉన్నప్పుడు అది వరమే. మన చర్మం మీద, అదీ చెమట పట్టినప్పుడు, సముద్రంలో దిగినప్పుడు కొట్టుకుపోతుంది. లైపోజోముల్లో దాచడం, పెద్ద అణువులకు అతికించడం వంటి ఉపాయాలు వెతుకుతున్నారు. రెండోది, 334 దగ్గర లేచిన కొండ 360 దాటేసరికి నేలమట్టమవుతుంది. యూవీఏ 400 వరకూ ఉంటుంది. ఆ చివరి భాగమే చర్మం లోతుకు దిగి నలుపుకూ ముడతలకూ కారణమవుతుంది. అక్కడ మరొకటి తోడు కావాల్సిందే. సయనోబ్యాక్టీరియా అనే, నాచులాగే వెలుతురుతో బతికే సూక్ష్మజీవులు తమ చుట్టూ కప్పుకునే తొడుగులో ఉండే స్కైటోనెమిన్ 370, 380 దగ్గర బాగా ఆపుతుంది, కొవ్వులో కరుగుతుంది కూడా. కానీ పసుపు గోధుమ రంగులో ఉంటుంది, పైగా చాలా తక్కువగా దొరుకుతుంది. మూడోది చట్టం. ఐరోపాలోనూ అమెరికాలోనూ సన్‌స్క్రీన్ ఫిల్టర్లుగా వాడదగ్గ పదార్థాల జాబితాలు ఉన్నాయి. ఎంఏఏలు వాటిలో లేవు. కాబట్టి అక్కడ వాటిని చర్మ సంరక్షణ సారంగా కలపగలరు గానీ ఫిల్టరుగా చూపించలేరు.

నోరి తింటే చర్మానికి రక్షణ వస్తుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. సముద్రపు ఉర్చిన్లు (ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి సముద్ర జీవులు) నాచు తిని ఈ పదార్థాలను తమ గుడ్లలో దాచుకుంటాయి, పిండాలు ఎండకు తట్టుకుంటాయి. ఆ ఆశతో 1998లో పరిశోధకులు మెడకా చేపలకూ వెంట్రుకల్లేని ఎలుకలకూ ఎంఏఏలున్న నాచు తినిపించి చూశారు. చేపల ఒంట్లోకి అవి చేరాయి, ఎలుకల చర్మంలోకి చేరలేదు. మనం ఎలుకల వైపు జీవులం. నోరి రుచి కోసం తినండి, ఎండ కోసం వద్దు.

ఇప్పుడు పగడాల సంగతి. మీ ట్యూబు మీద ఉన్న ‘రీఫ్ సేఫ్’ అన్న మాటకు చట్టపరమైన నిర్వచనం లేదు. ఎవరైనా వేసుకోవచ్చు. సాధారణంగా దాని భావం ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రెండు రసాయన ఫిల్టర్లు లేవని. ఈ రెండిటి అమ్మకాన్ని హవాయి 2018లో చట్టం చేసి 2021 జనవరి 1 నుంచి ఆపింది. పలావు దేశం ఇంకా ముందుకు వెళ్లి, వీటితో కలిపి పది పదార్థాలను 2020 జనవరి 1 నుంచి నిషేధించింది. థాయిలాండ్ 2021లో తన సముద్ర జాతీయ ఉద్యానాల్లో నాలుగు పదార్థాలున్న సన్‌స్క్రీన్లను వద్దంది.

ఆక్సీబెంజోన్ చేసే హాని ఎలా జరుగుతుందో 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. పగడాలకు దగ్గరి చుట్టాలైన సీ అనిమోన్లు ఆ పదార్థాన్ని ఒంట్లోకి తీసుకుని, విషాన్ని వదిలించుకునే అలవాటు ప్రకారం దానికి చక్కెర అణువును తగిలిస్తాయి. మామూలుగా అలా చేస్తే విషం విరిగిపోవాలి. ఇక్కడ తలకిందులైంది. చక్కెర తగిలిన ఆక్సీబెంజోన్ ఎండ పడగానే కణాలను దెబ్బతీసే పదార్థంగా మారింది. అనిమోన్ లోపల సహజీవనం చేసే సూక్ష్మ నాచు ఆ పదార్థంలో కొంత భాగాన్ని తనలోకి లాక్కుని ఆతిథ్యమిచ్చిన జీవిని కొంతవరకు కాపాడింది. అదే నాచు పగడాలకు తిండి పెడుతుంది, వాటికి ఎంఏఏల కవచాన్ని అందించడంలోనూ దాని చేయి ఉంది. నీరు వేడెక్కినప్పుడు పగడాలు ఈ నాచును బయటికి తోసేస్తాయి, తెల్లబడతాయి. అప్పుడు వాటికి తిండీ ఉండదు, ఎండ నుంచి కాపూ తగ్గుతుంది, మన ఒంటి నుంచి కడిగిపోయిన రసాయనాన్ని పంచుకునే తోడూ ఉండదు.

1998లోనూ 2010లోనూ 2016లోనూ మన సముద్రాల్లో పగడాలు పెద్దఎత్తున తెల్లబడింది నీరు వేడెక్కడం వల్ల. సన్‌స్క్రీన్ మార్చుకుంటే అది ఆగదు, ఆ భ్రమ మీకు కలిగించడం నాకు ఇష్టం లేదు. అయినా స్నానాలకు జనం గుంపులుగా దిగే లోతు తక్కువ ఉన్న చిన్న అఖాతాల్లో, ఇప్పటికే నీరసించిన పగడాల మీద మనం మరో బరువు వేయకుండా ఉండటం మన చేతుల్లో ఉన్న పని. దాన్ని తప్పకుండా చేయాలి.

కాబట్టి అండమాన్‌లో ఇలా చేయండి. నీళ్లలోకి దిగేటప్పుడు మోచేతులు, మెడ, వీపు కప్పే పొడుగు చేతుల ఈత దుస్తులు వేసుకోండి. ఒళ్లంతా ఒక్కసారి సరిగ్గా రాయడానికి సుమారు 30 గ్రాముల క్రీము పడుతుంది. దుస్తులు కప్పినంత మేరా ఆ క్రీము సముద్రంలో కలవదు. పగడాలకు అంతకంటే మేలు చేసే సన్‌స్క్రీన్ నాకు తెలియదు. ముఖానికి, చేతులకు, పాదాల పైభాగానికి నానో కాని (మరీ సూక్ష్మమైన రేణువులుగా చేయని) జింక్ ఆక్సైడ్ ఉన్నది, నీటికి తట్టుకునేది రాసుకోండి. జింక్ కూడా ఎక్కువైతే నీటి జీవులకు మంచిది కాదు, అందుకే దుస్తులను ముందు చెప్పాను. పావుగంట ముందు రాసుకుని ఆరనివ్వండి, రాసుకున్న వెంటనే నీళ్లలో దూకితే సగం నీటిపాలే. ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా గీసినంత క్రీము కావాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మనవాళ్లలో చాలామంది శనగగింజంత రాసి ఊరుకుంటారు. అంత పల్చగా రాస్తే ఎస్‌పీఎఫ్ 50 కూడా పదికి దిగిపోతుంది.

మంగు విషయంలో నాచు క్రీము మీద ఆశ పెట్టుకోకండి. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో మంగును రెచ్చగొట్టేది అతినీలలోహిత కిరణాలు మాత్రమే కాదు, కంటికి కనిపించే వెలుతురులోని నీలి భాగం కూడా. ఎంఏఏలు దాన్ని రానిస్తాయి, నాచుకు కావలసింది అదే కదా. రంగులేని సన్‌స్క్రీన్లు కూడా దాన్ని పెద్దగా ఆపవు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మపు ఛాయలో ఉండే సన్‌స్క్రీన్ ఆపుతుంది. జింక్ రాస్తే ముఖం బూడిద పూసినట్టు తెల్లగా కనిపించే బాధ కూడా దాంతో తగ్గుతుంది. మీ ఛాయకు కలిసేది దొరికే దాకా వెతకండి, చర్మవైద్యుల దగ్గర మంగుకు వాడుతున్న మందు ఉంటే ప్రయాణంలో మానేయకండి.

మీ తమ్ముడి ఆలోచన గురించి కాస్త ఎక్కువే రాయాలనిపిస్తోంది. విశాఖ రాళ్ల మీద పోర్ఫైరా ఉంటుందన్న మాట నిజం. ఏటా కనిపించే ఆ నాచు గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1963లోనే కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. కానీ అక్కడ నడిచేవాళ్ల కాలికి ఎక్కువగా తగిలేది పచ్చటి అల్వా, జడల్లా వేలాడే కీటోమార్ఫా. పచ్చ నాచుల్లో ఎంఏఏలు సాధారణంగా చాలా తక్కువ. సర్గాసమ్ వంటి గోధుమ నాచుల రక్షణ వేరే రకం ఫినాల్ పదార్థాలతో. ఏ నాచో తెలియకుండా గీకి తెచ్చి మెత్తగా రుబ్బితే చేతికి వచ్చేది ఉప్పూ జిగురూ మాత్రమే కావచ్చు.

సరైన ఎర్ర నాచే దొరికిందనుకుందాం. ఎండబెట్టిన నాచులో ఎంఏఏలు 1 శాతం ఉన్నాయనుకుంటే, అది మంచి పంట కిందే లెక్క. 50 గ్రాముల ట్యూబులో 3 శాతం ఉండాలంటే ఒకటిన్నర గ్రాము కావాలి. ఏమీ పోకుండా తీయగలిగినా 150 గ్రాముల ఎండు నాచు, అంటే కిలోకు పైగా పచ్చి నాచు. ఒక మనిషి ఒక రోజు సముద్రపు ఒడ్డున గడిపితే అయిపోయే ట్యూబుకు కిలో నాచు! రాళ్ల మీద నుంచి ఆ లెక్కన గీకితే రెండు మూడేళ్లలో అక్కడ ఏమీ మిగలదు. ఆ నాచును నమ్ముకున్న పీతలూ నత్తలూ చేపపిల్లలూ మిగలవు. పర్యావరణానికి మేలు చేసే క్రీము అని పేరు పెట్టి అలా చేయడానికి మనసొప్పకూడదు. పైగా నాచు తన చుట్టూ ఉన్న నీటిలోని లోహాలను, ఆర్సెనిక్‌ను పోగుచేసుకుంటుంది. ఓడరేవు, కర్మాగారాలు, మురుగు కాలువలు ఉన్న ఊరి ఒడ్డు నాచును పరీక్ష లేకుండా ఎవరి ముఖానికీ రాయకూడదు. అమ్మాలంటే 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం రాష్ట్ర అధికారుల నుంచి తయారీ లైసెన్సు కూడా ఉండాలి.

ఈ పదార్థాలకు భవిష్యత్తు ఉన్నది రాళ్ల మీద కాదు, తొట్టెల్లో. షినోరిన్ తయారీకి నాచు జాతి సూక్ష్మజీవికి నాలుగు జన్యువులే సరిపోతాయని 2010లో హార్వర్డ్ పరిశోధకులు బాల్స్‌కస్, వాల్ష్ చూపించారు. ఆ తరువాత ఆ జన్యువులను ఈస్ట్‌లోనూ ఇతర సూక్ష్మజీవుల్లోనూ పెట్టి, చక్కెర మేపి షినోరిన్ పండించారు. 2015లో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో తైఫో మహ్మూద్ బృందం జీబ్రాఫిష్ తన సొంత జన్యువులతోనే గాడుసోల్ అనే దగ్గరి పదార్థాన్ని తయారుచేసుకుంటుందని కనుక్కుంది. అంతకుముందు దాకా చేపలకు అది తిండి నుంచే వస్తుందనుకునేవారు. దాన్నీ ఈస్ట్‌తో చేయించారు. దిగుబడులు పెరిగి, నీటికి కొట్టుకుపోని రూపం దొరికి, అనుమతుల జాబితాల్లోకి ఎక్కిన రోజున నేను కూడా సంతోషంగా ఎంఏఏలతోనే క్రీము చేస్తాను.

మీ తమ్ముడికి నిజంగా ఆసక్తి ఉంటే అమ్మకం పక్కన పెట్టి కొలతతో మొదలుపెట్టమనండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం వాళ్లను కలిసి ఏ రాయి మీద ఏ నాచు ఏ నెలలో వస్తుందో నేర్చుకోవచ్చు. గుప్పెడు నాచు చాలు, నేను పైన చెప్పిన పద్ధతిలో నానబెట్టి, 334 దగ్గర కొండ ఎంత ఎత్తు లేస్తుందో నెలనెలా నమోదు చేయవచ్చు. ఎండాకాలం నాచుకూ చలికాలం నాచుకూ తేడా ఎంత, పైరాయి మీది నాచుకూ నీటి అంచున ఉన్నదానికీ తేడా ఎంత అన్న లెక్కలు మన తీరం నుంచి రావాల్సినవి చాలా ఉన్నాయి. అందులో ఎక్కడైనా చిక్కుపడితే ఇక్కడే అడగమనండి, తీసిన గ్రాఫులు కూడా పెట్టమనండి, చూసి చెబుతాను.